నీటి సంగతి చెప్పకుండా చేపను అమ్మవద్దు: అలంకార చేపల దుకాణదారులకు, అధికారులకు బహిరంగ లేఖ

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్ పట్టణాలలో అలంకార చేపలు అమ్మే దుకాణదారులకు; ఈ జిల్లాల మత్స్యశాఖ, పశుసంవర్ధక శాఖల అధికారులకు; జిల్లా జంతు హింస నివారణ సంఘాల సభ్యులకు,

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో చేపలు పెంచుకుంటున్నాను. మన పట్టణాల్లో అలంకార చేపలను అమ్ముతున్న తీరు గురించి ఏడాదిన్నరలో మూడు అర్జీలు ఇచ్చాను. రెండు ఒడియాలో, ఒకటి ఇంగ్లీషులో. మూడింటికీ రసీదు ముద్ర పడింది, ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడోసారి వెళ్లినప్పుడు బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి, "చేపల కోసం కూడా అర్జీ పెడతారా?" అని అడిగారు. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యానికి నాలుగు మాటల్లో జవాబు చెప్పలేక ఇంటికి వచ్చేశాను. ఈ లేఖ ఆయనకు చెప్పవలసిన జవాబు కూడా.

నేను కోరేది ఒక్కటే. ఏ చేపకు ఎలాంటి నీరు, ఎంత వేడి, ఎంత చోటు కావాలో కొనేవారికి అర్థమయ్యే భాషలో చెప్పకుండా ఆ చేపను అమ్మవద్దు. చెప్పేలా చూడవలసినవారు చూడాలి. మిగిలినవన్నీ దీని నుంచి వచ్చేవే.

మొన్న మే నెలలో నా కళ్ల ముందు జరిగినది మొదట చెబుతాను. మా వీధిలో జాకెట్లు కుట్టి బతికే ఒక తల్లి, తొమ్మిదేళ్ల కూతురి పుట్టినరోజుకు ఒక గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్, ఒక నల్ల మోలీ, అడుగున పాచి తింటుందని చెప్పి అంటగట్టిన ఒక సక్కర్ చేప కొని తెచ్చింది. గిన్నెలో పట్టే నీరు నాలుగు లీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. మూడింటికి ఆ పాప పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతగారూ, చేపలకు ఆకలేస్తోంది, నోళ్లు తెరుస్తున్నాయి" అంది. వెళ్లి చూస్తే రెండు గోల్డ్‌ఫిష్‌లూ నీటి పైపొరకు మూతులు ఆనించి, బుడుగు బుడుగుమని గాలి మింగుతున్నాయి. ఆకలి అనుకుని పాప వేసిన గుళికలు అడుగున ఉబ్బి తెల్లబడి ఉన్నాయి. నా థర్మామీటరు ముంచి చూస్తే 34 డిగ్రీలు. చెంబుతో నీళ్లు తోడి పైనుంచి పోస్తూ, కొద్దికొద్దిగా కుండ నీళ్లు కలుపుతూ సాయంత్రం దాకా ప్రయత్నించాం. చీకటి పడేవేళకు ఒకటి పక్కకు ఒరిగింది, తెల్లారేసరికి రెండోది పోయింది. ఆ తల్లి నన్నే ఓదార్చింది. "గోల్డ్ చేపకు ఆయుష్షు అంతేనటండి, నెల బతికితే గొప్ప అని షాపాయన ముందే చెప్పాడు" అంది.

సరిగ్గా ఉంచితే గోల్డ్‌ఫిష్ 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఇంగ్లండులో ఒకటి 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. నెల ఆయుష్షు అనేది ఆ గిన్నె పెట్టిన ఆయుష్షు.

ఇక్కడ కొంత వివరంగా చెప్పక తప్పదు. గోల్డ్‌ఫిష్ చైనాలో కార్ప్ జాతి చేపల నుంచి తరతరాలుగా ఎంచి పెంచిన చల్లనీటి చేప. 18 నుంచి 22 డిగ్రీల నీరు దానికి హాయి. గప్పీ, మోలీ, ఏంజెల్, టెట్రా, గౌరామి, ఫైటర్ వంటివి ఉష్ణమండలపు చేపలు. వీటికి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి, డిస్కస్‌కు ఇంకా రెండు డిగ్రీలు ఎక్కువ. ఈ రెండు రకాలనూ ఒకే తొట్టెలో వేసి "అన్నీ కలిసి ఉంటాయి" అని చెప్పి పంపితే, ఏదో ఒక రకం ఎప్పుడూ ఇబ్బందిలోనే ఉంటుంది. గోల్డ్‌ఫిష్ వేడిని కొంతకాలం ఓర్చుకోగలదన్నది నిజమే. నీరు నెమ్మదిగా వేడెక్కి, గాలి బాగా అందితే 30 డిగ్రీలలో కూడా ఈదుతుంది. దుకాణదారులు పొరబడేది ఇక్కడే. ఓర్చుకోవటాన్ని సరిపడటంగా లెక్కవేస్తున్నారు.

వేడి నీటితో ఉన్న చిక్కు వేడి ఒక్కటే కాదు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో అన్నీ వేగంగా నడిచి దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలసి వస్తుంది. అంటే రాబడి తగ్గిన రోజే ఖర్చు పెరుగుతుంది. దీనికి తోడు, చేప విసర్జించే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నీటి వేడితో పాటు పెరుగుతుంది. కాస్త క్షారగుణం ఉన్న నీరు 20 నుంచి 30 డిగ్రీలకు చేరితే ఆ భాగం దాదాపు రెట్టింపు అవుతుంది. నాలుగు లీటర్ల గిన్నెలో, ఫిల్టరు లేకుండా, నాలుగు చేపలు, అడుగున కుళ్లుతున్న గుళికలు. ఆ మధ్యాహ్నం ఆ గిన్నెలో జరిగింది ఇదే. పాపకు ఆకలిగా కనిపించింది ఊపిరాడకపోవటం.

దీనికి తిరగేసిన కథ కొరాపుట్‌లో చూశాను. మా పినతల్లి కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తాడు. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది, జనవరి తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. బరంపురం నుంచి ఏంజెల్ చేపలు, నియాన్ టెట్రాలు కొనుక్కుని వెళ్లాడు. హీటరు కావాలని ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. పొద్దున్నే తొట్టెలో నీరు 16 డిగ్రీలు. నాలుగు రోజులకు చేపలు మేత మానేసి మూలలకు చేరాయి. వారానికి ఒంటినిండా రవ్వ చల్లినట్లు తెల్లటి మచ్చలు తేలాయి. ఫోనులో సలహా అడిగితే నీలం మందు వేయమన్నారు. నీరు నీలమైంది, అసలు కారణం మాత్రం అలాగే ఉంది. అదే ఇంటి వరండాలో, నేను ఆరేళ్ల క్రితం ఇచ్చిన గోల్డ్‌ఫిష్‌లు 200 లీటర్ల సిమెంటు గోలెంలో అరచేతి పొడవు పెరిగి ఈనాటికీ తిరుగుతున్నాయి. వాటికి హీటరూ లేదు, రంగు దీపాలూ లేవు.

మన సరిహద్దు జిల్లాల్లో తీరం, కొండ రెండూ ఉన్నాయి. బరంపురంలో మే నెల ఒక రకం, కొరాపుట్‌లో జనవరి మరొక రకం. ఒకే దుకాణం ఈ రెండు ఊళ్లకూ ఒకే చేపను, ఒకే మాట చెప్పి అమ్ముతోంది. కొండ మీద గోల్డ్‌ఫిష్, తీరంలో మోలీ, గప్పీ అని ఒక్క ముక్క చెబితే సగం చావులు ఆగుతాయని ఇన్నేళ్ల అనుభవంతో నమ్ముతున్నాను.

దీనివల్ల మామూలు కుటుంబాలు ఏమి నష్టపోతున్నాయో వరుసగా చెబుతాను.

1. డబ్బు. చేప చచ్చిన ప్రతిసారీ మళ్లీ కొంటారు. మూడు నాలుగు సార్లు కొన్నాక గిన్నె అటక ఎక్కుతుంది. ఆ మొత్తంతో మొదటే 60 లీటర్ల తొట్టె, చిన్న స్పాంజి ఫిల్టరు, థర్మామీటరు వచ్చి ఉండేవి. అన్నిటికన్నా చవకైన థర్మామీటరును ఏ దుకాణమూ తనంతట తాను చేతిలో పెట్టదు.

2. నీరు. "నీళ్లు మురికైతే మొత్తం పారబోసి కొత్తవి పోయండి" అన్నది దుకాణాల్లో వినబడే సలహా. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వేసవిలో ఇంటి ఆడవాళ్లు పట్టుకున్న నీళ్లు ఇలా పోతున్నాయి. అది చేపకూ మంచిది కాదు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో, గులకరాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొత్తం కడిగి, గులకరాళ్లు ఎండబెట్టి, క్లోరిన్ ఉన్న కుళాయి నీరు నేరుగా పోస్తే ఆ పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. వారానికి పావు వంతు నీరు మార్చితే చాలు. కొత్త నీటిని ఒక రోజు బకెట్లో ఉంచి గాలి పట్టించాలి, లేదా క్లోరిన్ విరుగుడు కలపాలి. ఇది చెప్పటానికి దుకాణంలో ఒక నిమిషం పడుతుంది.

3. ప్రాణభయం. ముద్ర లేని చవక హీటర్లు, వదులైన ప్లగ్గులు, తొట్టె కిందనే నేలమీద స్విచ్చుబోర్డు. చెయ్యి పెట్టేముందు మోటారు, హీటరు ఆపి ప్లగ్గు పీకాలని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. తీగ ప్లగ్గు పెట్టే చోటు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా అమర్చితే, తీగ వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా అక్కడే కింద రాలిపోతుంది. హీటరు కొన్న ఏ ఒక్కరికీ ఈ మాట చెప్పగా నేను వినలేదు.

4. మందులు. మాలకైట్ గ్రీన్, మిథిలీన్ బ్లూ, ఏవో పసుపు పొడులు చిన్న కవర్లలో పేరు, మోతాదు లేకుండా కట్టి ఇస్తున్నారు. ఆడపిల్లలు వాటిని చేతులతో కలుపుతున్నారు. ఆ నీళ్లు కాలువలోకి పోతున్నాయి.

5. చెరువులు. ఇది ఇంటితో ఆగని నష్టం కాబట్టి అధికారులు ప్రత్యేకంగా గమనించాలి. పాచి తింటుందని ప్రతి గిన్నెలోనూ వేసే సక్కర్ చేప దక్షిణ అమెరికాది, అడుగుకు మించి పెరుగుతుంది. "టైగర్ షార్క్" పేరుతో వేలెడంత పిల్లగా అమ్మేది నిజానికి పంగాసియస్, ఆంధ్రలో చెరువుల్లో కూరకు పెంచి లారీల్లో పంపే చేప, మీటరుకు పైగా పెరగగలదు. తొట్టెలో పట్టనప్పుడు జనం వాటిని చంపలేక, పుణ్యమనుకుని దగ్గరి చెరువులో వదులుతున్నారు. సక్కర్ చేప ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నీళ్లలో ఇప్పటికే పాతుకుపోయింది. "దెయ్యం చేప" అని పేరు పెట్టుకున్న అక్కడి చేపల రైతులను అడిగితే, దాని ముళ్లకు వలలు ఎలా చిరుగుతాయో, వేసిన మేత ఎలా పోతుందో చెబుతారు. మనకు పక్కనే తంపర సరస్సు ఉంది, ఋషికుల్య నది ఉంది, దేశంలో మొదటగా 1981లోనే అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన చిలికా సరస్సు ఉంది. వల మీద బతికే వేల కుటుంబాల నీళ్లు అవి.

6. పిల్లల మనసు. దీనిని చివర పెట్టాను గాని నాకు ఇదే ముందు. మా వీధి పాప ఆ రోజు నుంచి ఖాళీ గిన్నెలో రంగురాళ్లు మాత్రం ఉంచుకుంది. చేపలు కొందామంటే, "మళ్లీ చచ్చిపోతాయి" అంటుంది. తనే చంపానని అనుకుంటోంది.

ఇప్పుడు చట్టం సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం రెండో సెక్షను ప్రకారం మనిషి కాక మరే ప్రాణి అయినా జంతువే, కాబట్టి చేపా జంతువే. పదకొండో సెక్షను, కదలటానికి సరిపడా పొడవు, వెడల్పు, ఎత్తు లేని పాత్రలో ప్రాణిని బంధించటాన్ని నేరమంటోంది. గుండ్రటి గిన్నెను వర్ణించటానికి ఇంతకన్నా వేరే మాటలు అక్కర్లేదు. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు మాత్రమే కనుక, జరిమానాతో ఎవరూ మారరని నాకు తెలుసు. అలంకార చేపల దుకాణాల కోసం కేంద్రం 2017లో ప్రత్యేక నియమాలు ప్రకటించింది, వ్యాపారుల అభ్యంతరాల తరువాత వెనక్కి తీసుకుంది. వాటిలో కొన్ని నిబంధనలు చిన్న దుకాణదారుకు మోయలేని బరువన్నది నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ నేను కోరేవి అలాంటివి కావు. ఏ దుకాణమూ మూతపడనవసరం లేదు, ఎవరి జీవనమూ పోనవసరం లేదు.

దుకాణదారులకు ఒక మాట. మీ కష్టం నాకు తెలియనిది కాదు. కోల్‌కతాలో పాలిథీన్ కవర్లలో మూడోవంతు నీరు, మిగతా ప్రాణవాయువు నింపి కట్టిన చేపలు రాత్రంతా రైల్లో ప్రయాణించి బరంపురం స్టేషనులో దిగేసరికి ఎన్ని బతికి ఉంటాయో అన్న గుబులు మీది. వచ్చిన చేపను ఆ రోజే అమ్మేస్తే నష్టం కొన్నవాడి నెత్తిన పడుతుందన్న లెక్కా నాకు అర్థమవుతుంది. కాని నాలుగు రోజులు ఆగి, మేత తింటున్న చేపనే అమ్మిన దుకాణానికి జనం తిరిగి వస్తారు. చేపలు బతికినవాడే రెండో తొట్టె కొంటాడు, మేత కొంటాడు, ఫిల్టరు కొంటాడు. చచ్చిన చేపతో ఖాతాదారు కూడా పోతాడు.

దుకాణదారులనూ అధికారులనూ నేను కోరేవి ఇవి.

1. ప్రతి తొట్టె మీద చేప పేరు, పెరిగే పొడవు, కావలసిన నీటి వేడి, కనీస నీటి పరిమాణం, ఏ చేపలతో కలపకూడదో ఒడియాలోనూ తెలుగులోనూ రాసి అంటించాలి. రెండు లిపులూ ఎందుకంటే, మన ఇళ్లలో పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. పిల్లలకు బడిలో ఒడియా వచ్చింది, తెలుగు అక్షరాలు రాలేదు. ఇంగ్లీషు డబ్బా మీది మాట ఇద్దరికీ అందదు.

2. గుండ్రటి గిన్నెలో గోల్డ్‌ఫిష్ అమ్మకం ఆపాలి. ఒక గోల్డ్‌ఫిష్‌కు కనీసం 70 లీటర్లు, ఆపైన ప్రతిదానికి మరో 40 లీటర్లు ఉండాలన్నది నా లెక్క. అంత తొట్టె కొనలేనివారికి సిమెంటు గోలెం చూపించండి. నీడలో ఉంచిన పెద్ద గోలెం గాజు గిన్నెలా గంటలో వేడెక్కదు. ఇంకా చిన్నదే కావాలంటే, పైకి వచ్చి గాలి పీల్చుకోగల ఫైటరు ఒక్కదానిని 15, 20 లీటర్లలో ఉంచమనండి. టీ గ్లాసంత సీసాలో మాత్రం వద్దు.

3. చల్లనీటి చేపలనూ ఉష్ణమండలపు చేపలనూ ఒకే కవరులో, ఒకే తొట్టెకని అమ్మకూడదు. కొండ ప్రాంతాలకు ఉష్ణమండలపు చేపలు అమ్మితే వేడి సరిపడగానే తనంతట తాను ఆగే థర్మోస్టాటు ఉన్న హీటరు, లీటరుకు సుమారు ఒక వాటు చొప్పున, తప్పక సూచించాలి.

4. రంగు ఎక్కించిన చేపలను తెప్పించటం మానాలి. సూదితో ఒంట్లోకి ఎక్కించిన రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, సూది పోటుతో వచ్చిన జబ్బు మిగులుతుంది.

5. పెరిగిపోయిన చేపను దుకాణమే తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలి. చెరువులో వదలవద్దన్న బోర్డు ప్రతి దుకాణంలో, తంపర, ఋషికుల్య గట్ల మీద పెట్టాలి. ఈ ఒక్క అంశం మీదైనా మత్స్యశాఖ వెంటనే కదలాలని ప్రార్థిస్తున్నాను.

6. రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది, భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఉంది. అలంకార చేపల పెంపకం 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో కూడా చేర్చారు. ఇంత జ్ఞానం మన గుమ్మంలో ఉండగా, ఏడాదికి ఒక్కరోజు దుకాణదారులకు శిక్షణ, నెలకు ఒకసారి ఇళ్లవారు తెచ్చే సీసాడు నీటికి పరీక్ష ఏర్పాటు చేయటం పెద్ద ఖర్చు కాదు.

7. తుపాను సూచన వచ్చినప్పుడు ఇచ్చే జాగ్రత్తల కాగితంలో పశువులతో పాటు పెంపుడు ప్రాణుల మాట కూడా చేర్చాలి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ వద్ద ఫైలిన్ తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. మేత పూర్తిగా ఆపి, తొట్టె మూత తీసి, రెండు గంటలకొకసారి చెంబుతో నీరు తోడి జానెడు ఎత్తునుంచి పోస్తూ నేను, మా ఆవిడ వంతులు వేసుకున్నాం. ఫిల్టరులోని స్పాంజిని తడి ఆరకుండా తొట్టె నీటిలోనే ఉంచాం. ఒక్క చేపా పోలేదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పర్లాకిమిడిలో బంధువులకు ఇదే చెప్పాలనుకున్నాను, ఫోన్లు కలవలేదు. ముందే ఒక కాగితం మీద రాసి ఉంటే ఫోను అక్కర్లేకపోయేది.

ప్రతి తొట్టె మీద అంటించమని పైన కోరిన వివరాలను మన పట్టణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 22 రకాల చేపలకు నేను తెలుగులో రాసి ఉంచాను. మా పక్కింటి ఉపాధ్యాయురాలు ఒడియాలోకి మార్చారు. అచ్చు ఖర్చు పెట్టుకుంటామన్న ఏ దుకాణానికైనా, ఏ కార్యాలయానికైనా ఉచితంగా ఇస్తాను. తప్పులుంటే మత్స్య కళాశాలవారు దిద్దాలని మనవి. దసరాకు ముందే ఇది జరగాలని కోరుతున్నాను, ఎందుకంటే పండగ జాతరల్లో కవర్లలో చేపల అమ్మకం అప్పుడే ఎక్కువ. అప్పటికీ జవాబు రాకపోతే నాలుగో అర్జీతో, ఈసారి నాతో పాటు సంతకాలు చేసిన వీధివారందరితో వస్తాను.

జవాబు ఒడియాలో ఇచ్చినా తెలుగులో ఇచ్చినా సంతోషమే.

ఇట్లు,
భవదీయుడు,
చేపలు పెంచుకునే ఒక బరంపురం వాసి